కాలిఫోర్నియా డిస్ట్రిక్ట్ అటార్నీ (డి.ఏ.) ఆఫీసు రికార్డులు అడగడం: దరఖాస్తు విధానం, కొర్రీ పడే చోటు

ఒకే నేరానికి ఒక జాతివాళ్ల మీద పెద్ద సెక్షన్లు, మరో జాతివాళ్ల మీద చిన్న సెక్షన్లు పెడుతున్నారన్న ఆరోపణ చాలాకాలం కోర్టుల్లో నిలబడలేదు. లెక్కలు చూపితే చాలదు, ఈ నిందితుడి విషయంలోనే కావాలని వివక్ష చూపారని రుజువు చెయ్యాలని 1987లో మెక్లెస్కీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. కాలిఫోర్నియా వరకు ఆ అడ్డు తొలగించింది 2020 నాటి రేషియల్ జస్టిస్ యాక్ట్. ఆ రాష్ట్ర శాసనసభకు ఎన్నికైన తొలి భారతీయ అమెరికన్, శాన్ హోసే సభ్యుడు యాష్ కల్రా తెచ్చిన చట్టం ఇది. పీనల్ కోడ్‌లో 745వ సెక్షన్‌గా ఉంది. జాతి, తెగ, పుట్టిన దేశం, వీటిలో దేన్నిబట్టి వివక్ష జరిగినా వర్తిస్తుంది. ఎదుటివాళ్ల మనసులో ఏముందో నిరూపించక్కర్లేదు. కానీ అభియోగాల్లోనో శిక్షల్లోనో తేడా ఉందని చెప్పాలంటే పోల్చడానికి లెక్కలు బాగా పనికొస్తాయి. అవి ఉండేది డిస్ట్రిక్ట్ అటార్నీ (కౌంటీలో, అంటే జిల్లాలో, నేరాల కేసులు నడిపే ప్రభుత్వ న్యాయవాది) ఆఫీసు కంప్యూటర్లలో.

వాటిని రాబట్టడానికి రెండు దారులున్నాయి. కేసు నడుస్తున్న నిందితుడు, లేదా శిక్ష పడ్డాక పిటిషన్ వేసే వ్యక్తి 745(డి) కింద కోర్టు ద్వారా అడగవచ్చు. మిగతా ఎవరైనా, బంధువులు, విలేకరులు, విద్యార్థులు, సంఘాలు, పబ్లిక్ రికార్డ్స్ యాక్ట్ (ప్రభుత్వ రికార్డులు అడిగే హక్కు ఇచ్చే రాష్ట్ర చట్టం) కింద నేరుగా ఆఫీసునే అడగవచ్చు. ఇక్కడ ఎక్కువగా చెప్పేది ఈ రెండో దారి గురించే.

దరఖాస్తుకు ఫారం లేదు, ఫీజు లేదు. ఈమెయిల్ చాలు, కొన్ని కౌంటీలకు పోర్టల్ ఉంది. పౌరసత్వం, వీసా, చిరునామా వీటితో పని లేదు. ఎందుకు అడుగుతున్నారో చెప్పక్కర్లేదు. రాష్ట్రంలో 58 కౌంటీలు, ఒక్కో కౌంటీకి ఒక్కో డి.ఏ., కాబట్టి ఏ కౌంటీ రికార్డులు కావాలో ఆ ఆఫీసుకే రాయాలి. కోర్టుకు రాస్తే ఉపయోగం లేదు. ఈ రికార్డుల చట్టం కోర్టులకు వర్తించదు. ఛార్జిషీటు, తీర్పు లాంటి ఒక్కో కేసు కాగితాలను సుపీరియర్ కోర్టు (కౌంటీ విచారణ కోర్టు) క్లర్క్ దగ్గర విడిగా చూసుకోవచ్చు. ఈ పనికి డబ్బు తీసుకుని "డి.ఏ. ఫైలు బయటికి తెప్పిస్తాం" అని చెప్పే కన్సల్టెంట్లకు ఒక్క డాలరు కూడా ఇవ్వకండి. మీకు లేని హక్కేదీ వాళ్లకు ప్రత్యేకంగా లేదు.

చాలా దరఖాస్తులు దెబ్బతినేది ఉత్తరం రాసే తీరులోనే. "ఫలానా కేసు ఫైలు ఇవ్వండి" అని రాస్తే తిరస్కరణ దాదాపు ఖాయం. దర్యాప్తు ఫైళ్లకు గవర్నమెంట్ కోడ్ 7923.600 మినహాయింపు ఇస్తోంది. కేసు మూసేశాక కూడా ఆ మినహాయింపు పోదు. "మా జాతివాళ్ల మీద ఎందుకు ఎక్కువ కేసులు పెడుతున్నారు?" అని అడిగితే అది ప్రశ్న అవుతుంది గానీ రికార్డు కాదు. జవాబు రాసిపెట్టే బాధ్యత ఆఫీసుకు లేదు. అలాగే "జాతులవారీగా శాతాలు లెక్కగట్టి ఇవ్వండి" అంటే, లేని రికార్డు తయారుచెయ్యం అని చేతులు దులుపుకోవచ్చు.

అడగాల్సింది కేసుల పట్టిక. ఆఫీసు డేటాబేస్‌లో ఇప్పటికే ఉన్న గడులను బయటికి తీసి ఇమ్మనాలి. ఉత్తరం ఇంగ్లీషులోనే వెళ్తుంది, సారం ఇలా ఉండాలి:

"2018 జనవరి 1 నుంచి 2024 డిసెంబరు 31 వరకు పీనల్ కోడ్ 211 (దోపిడీ) కింద పోలీసులు మీకు పంపిన ప్రతి కేసుకు ఈ వివరాలు: పంపిన తేదీ, పోలీసులు కోరిన సెక్షన్లు, మీరు పెట్టిన సెక్షన్లు, శిక్ష పెంచే అదనపు అభియోగాలు, కేసు పెట్టకపోతే దానికి నమోదైన కారణం కోడు, డైవర్షన్ (విచారణ బదులు చికిత్స, శిక్షణ లాంటి కార్యక్రమానికి పంపడం) ఇచ్చారా లేదా, తుది ఫలితం, శిక్ష, నిందితుడి జాతి. పేరు, పుట్టిన తేదీ వద్దు, వాటి బదులు ఏదైనా వరుస సంఖ్య చాలు. ఎక్సెల్ లేదా సీఎస్వీ రూపంలో, కోడ్ల పట్టికతో కలిపి ఇవ్వగలరు. దర్యాప్తు ఫైళ్లు కోరడం లేదు."

ఇందులో చాలామంది వదిలేసే ముక్క "పోలీసులు మీకు పంపిన ప్రతి కేసు" అన్నది. "మీరు పెట్టిన కేసులు" అని రాస్తే డి.ఏ. వదిలేసినవి పట్టికలోకి రావు. వివక్ష దాక్కునేది అక్కడే కావచ్చు. ఒకరిని వదిలేసి ఇంకొకరిని పట్టుకున్న సంగతి, పట్టుకున్నవాళ్ల జాబితా ఒక్కదానిలో కనపడదు. పోలీసులు కోరిన సెక్షనూ, డి.ఏ. పెట్టిన సెక్షనూ పక్కపక్కన ఉంటేనే ఎవరి విషయంలో తగ్గించారో, ఎవరి విషయంలో పెంచారో తెలుస్తుంది.

కోడ్ల పట్టిక అడగడం మరిచిపోవద్దు, ముఖ్యంగా మనవాళ్లు. కాలిఫోర్నియా న్యాయశాఖ కోడ్లలో మూలాలు భారతదేశానివైతే 'జెడ్', అమెరికా ఆదివాసులైతే 'ఐ', ఇతర ఆసియావాళ్లైతే 'ఏ'. స్థానిక ఆఫీసు ఏ కోడ్లు వాడుతోందో, అందులో మనవాళ్లు ఏ గడిలో పడుతున్నారో చూడకుండా లెక్కవేస్తే మొత్తం తప్పుతుంది.

ఇదే ఉత్తరంలో అభియోగాలు మోపడం, ప్లీ ఒప్పందాలు (నేరం ఒప్పుకుంటే అభియోగమో శిక్షో తగ్గించేవి), శిక్ష పెంచే సెక్షన్లపై ఆఫీసు రాతపూర్వక విధానాలు, శిక్షణ సామగ్రి కూడా అడగండి. పంపేటప్పుడు రెండు జాగ్రత్తలు. మీ ఉత్తరం కూడా పబ్లిక్ రికార్డే, ఎవరైనా అడిగి తీసుకోవచ్చు, కాబట్టి సొంత కేసు వివరాలు అందులో రాయకండి. ఇంట్లో ఎవరిదైనా కేసు నడుస్తుంటే ముందు వాళ్ల లాయరుకు చెప్పండి.

ఆఫీసు 10 రోజుల్లో రికార్డులు ఇస్తుందో లేదో చెప్పాలి. ప్రత్యేక కారణాలుంటే, రాతపూర్వకంగా చెప్పి మరో 14 రోజులు తీసుకోవచ్చు. ఇది నిర్ణయానికి గడువే, పట్టిక చేతికి రావడానికి ఇంకా సమయం పట్టవచ్చు. అందుకే ఇచ్చే తేదీ అంచనా అడగాలి. డేటా తీయడానికి ప్రోగ్రామింగ్ అవసరమైతే ఆ ఖర్చు అడిగినవాళ్ల మీద పడవచ్చు, కాబట్టి "50 డాలర్లు దాటేటట్టయితే ముందే చెప్పండి" అని ఒక వాక్యం చేర్చండి. కానీ రహస్య భాగాలు నల్లగా కొట్టే శ్రమకు వసూలు చెయ్యడానికి వీల్లేదు. హేవార్డ్ నగరం కేసులో 2020లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది.

తిరస్కరిస్తే సెక్షన్‌తో సహా రాతపూర్వకంగా కారణం, బాధ్యుడి పేరు, హోదా ఇవ్వాలి. కొంత భాగానికే మినహాయింపు ఉంటే మిగతాది విడదీసి ఇవ్వాల్సిందే. ఉత్తరంలో లోపం ఉందంటే సరిదిద్దుకోవడానికి సాయపడే బాధ్యత కూడా ఆఫీసుదే. "మీ దగ్గర ఏ గడులున్నాయో చెప్పండి" అని తిరిగి రాయండి, చాలాసార్లు దారి దొరికేది అక్కడే.

మన సమాచార హక్కు చట్టంలోలా మొదటి అప్పీలు ఇక్కడ లేదు, నేరుగా సుపీరియర్ కోర్టులో పిటిషనే. గెలిస్తే లాయరు ఖర్చు ఆఫీసు కట్టాలి. ఓడిపోతే, పిటిషన్ పూర్తిగా పసలేనిదని కోర్టు తేల్చితే తప్ప వాళ్ల ఖర్చు మీ మీద పడదు. ఆ భయంతో వెనక్కి తగ్గనక్కర్లేదు.

మొదటి దారి, అంటే 745(డి), నిందితుల తరఫు లాయర్ల పని. ఏ రకం రికార్డులు కావాలో చెప్పి, తగిన కారణం చూపాలి. సోలానో కౌంటీకి చెందిన యంగ్ కేసులో 2022లో అప్పీల్ కోర్టు ఈ కారణం బరువును తగ్గించింది. వివక్ష జరిగి ఉండవచ్చని నమ్మదగిన ఆధారం, నిర్దిష్టమైన వాస్తవాలతో చూపితే చాలు. రికార్డుల చట్టం కింద వచ్చిన పట్టిక ఇక్కడ పనికొస్తుంది. పాత కేసుల్లోనూ ఈ చట్టం కింద పిటిషన్ వేసే అవకాశం ఉంది: శిక్ష వల్ల ఇమిగ్రేషన్ ఇబ్బంది ఉన్నవాళ్లకు 2023 జనవరి 1 నుంచి, 2015 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ ఖరారైన ఫెలనీ (పెద్ద నేరం) తీర్పులకు 2025 నుంచి, అంతకుముందు ఫెలనీలకు 2026 జనవరి 1 నుంచి. గ్రీన్‌కార్డు ప్రమాదంలో పడ్డవాళ్లు ఈ పిటిషన్ కోసం బార్ సభ్యత్వం ఉన్న లాయరునో, పబ్లిక్ డిఫెండర్ ఆఫీసునో సంప్రదించాలి.