గ్రీన్ మ్యాట్ షాట్‌లో జుట్టు అంచులు గళ్లుగా విరుగుతున్నాయా? ముందు ఫైల్ చూడండి

సమస్య: గ్రీన్ మ్యాట్ (ఆకుపచ్చ గుడ్డ) ముందు తీసిన పెళ్లికూతురిని సీజీ (కంప్యూటర్‌లో చేసిన) కొండల మీద నిలబెట్టారు. భుజాల దగ్గర ఆకుపచ్చ శుభ్రంగానే పోయింది. ఎగిరే వెంట్రుకలు, పైట అంచు మాత్రం గళ్లుగా విరిగి, ప్లే చేస్తే మినుకుమినుకుమంటున్నాయి.

తిరుపతిలో ప్రీ వెడ్డింగ్ పాటలు ఎడిట్ చేసేవాళ్లు నా దగ్గరికి ఎక్కువగా తెచ్చేది ఈ సమస్యే. అప్పటికే కీయర్‌లో (ఆకుపచ్చను తీసేసే టూల్‌లో) స్లైడర్లన్నీ లాగేసి ఉంటారు, కొందరు కొత్త ప్లగిన్ కూడా కొనేసి ఉంటారు. తప్పు కీయర్‌ది కాదండీ. గుడ్డకు ముడతల్లేవు, లైటు సమంగా పడింది, మనిషి గుడ్డకు దూరంగానే నిలబడ్డారు అనుకునే చెబుతున్నాను.

కారణం: ఫైల్‌లో రంగు తక్కువ. 4:2:0 ఫైల్‌లో 1920×1080 ఫ్రేమ్‌కి వెలుగునీడలు పూర్తిగా ఉన్నా, రంగు 960×540 మాత్రమే. అంటే నాలుగు పిక్సెళ్లకు ఒకే రంగు. మన కంటికి తెలియదు. కీయర్ కోసేదే రంగును చూసి కాబట్టి సన్నటి వెంట్రుక దానికి ఆకుపచ్చలో కలిసిపోతుంది.

‘మా కెమెరా 4:2:2 (4:2:0 కంటే రెట్టింపు రంగు ఉండేది) అండీ’ అంటారు. అసలు మోసం ఇక్కడే. సిస్టమ్ స్లో అవుతోందని మధ్యలో ఎవరో ఫైళ్లను హెచ్.264కి (ఫైల్‌ను బాగా కుదించే వీడియో ఫార్మాట్‌కి) మార్చి ఉంటారు, మామూలు సెట్టింగుల్లో అది 4:2:0 అయిపోతుంది. లేదా టైమ్‌లైన్‌లో ప్రాక్సీయే (ఎడిటింగ్ తేలిగ్గా సాగడానికి చేసుకునే చిన్న నకలే) ఉండిపోయి ఉంటుంది. కొన్ని కెమెరాలైతే 4:2:2ని హెచ్‌డీఎంఐలోంచి మాత్రమే ఇస్తాయి, కార్డులో రాసేది 4:2:0. బొమ్మ చూడ్డానికి అలాగే ఉంటుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. టైమ్‌లైన్‌లో ఉన్న ఫైల్‌నే మీడియాఇన్ఫోలో (ఫైల్ వివరాలు చూపే సాఫ్ట్‌వేర్‌లో) తెరిచి, క్రోమా సబ్‌శాంప్లింగ్ అన్న వరుస చదవండి. నిమిషం పని, దయచేసి వదలకండి.

పరిష్కారం: 4:2:2 ఒరిజినల్ ఉంటే రీలింక్ చేసి (టైమ్‌లైన్‌ను దానికి మళ్లీ కలిపి) దాని మీదే కీ చేయండి, అంటే ఆకుపచ్చను తీయండి. ఒరిజినలే 4:2:0 అయితే వచ్చే షూట్ 4కేలో తీయండి. 3840×2160లో రంగు 1920×1080 ఉంటుంది, 1080కి కుదిస్తే ప్రతి పిక్సెల్‌కీ రంగు దక్కుతుంది. కుదించాకే కీ చేయాలి. కెమెరాలో షార్ప్‌నెస్ తగ్గించడం మరవకండి, అది అంచు వెంట గీత గీస్తుంది. ఇప్పటికే 1080లో తీసేసిన షాట్‌కి రంగు ఛానెళ్లను మాత్రమే కాస్త బ్లర్ చేసి, ఒంటికి గట్టి మ్యాట్ (ఇక్కడ మ్యాట్ అంటే గుడ్డ కాదు, ఏ భాగం ఉంచాలో చెప్పే నలుపు తెలుపు ముసుగు), జుట్టుకు విడిగా మెత్తటి మ్యాట్ తీయండి. కొంత నయమవుతుంది, పూర్తిగా కాదు.

అంచు చుట్టూ నల్లగీత వస్తే ఆల్ఫా (ఎక్కడ ఎంత పారదర్శకమో చెప్పే ఛానెల్) సెట్టింగును స్ట్రెయిట్ నుంచి ప్రీమల్టిప్లైడ్‌కి మార్చి చూడండి. పెళ్లికూతురు ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంటే మాత్రం నీలం గుడ్డ వేయండి.