సీరియల్ కన్సోల్‌లో అక్షరాలు ఎక్కడ ఆగాయి? లినక్స్ కెర్నల్ అమరికలో సమస్యలు - పరిష్కారాలు

ఎక్స్86 సర్వర్‌కు మానిటర్ తగిలించకుండా, సీరియల్ పోర్టు ద్వారానే లినక్స్ బూట్ సందేశాలు చూడదలచినవారు ముందుగా ఒక సంగతి గ్రహించాలి. ఆ ఒక్క కేబుల్ మీదే బయోస్ (యంత్రాన్ని మొదట లేపే ప్రోగ్రాము), గ్రబ్ (కెర్నల్‌ను లోడ్ చేసే ప్రోగ్రాము), కెర్నల్ (లినక్స్ మూల భాగం), లాగిన్ ప్రోగ్రాము ఒకదాని తరువాత ఒకటి రాస్తాయి. ఒకదానికి చేసిన అమరిక మరొకదానికి వర్తించదు. అందువల్ల అక్షరాలు ఎక్కడిదాకా వచ్చి ఆగాయో చూస్తే, లోపం దేని అమరికలో ఉందో చాలావరకు తేలిపోతుంది.

ఒక్క అక్షరమూ రాకపోతే

కెర్నల్ జోలికి పోకముందు కేబుల్‌ను అనుమానించాలి. రెండు కంప్యూటర్లను నేరుగా కలిపేటప్పుడు ఒకదాని పంపే పిన్ను రెండవదాని అందుకునే పిన్నుకు చేరాలి. అందుకు నల్ మోడెమ్ కేబులే కావాలి. సర్వర్ నెట్‌వర్క్‌లో అందుబాటులో ఉంటే ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లి, ఎస్‌టీటీవై కమాండుతో టీటీవైఎస్0 (లినక్స్‌లో మొదటి సీరియల్ పోర్టు పేరు) వేగాన్ని సెకనుకు 115200 బిట్లకు మార్చి, ఎకోతో ఒక మాట ఆ పోర్టుకు పంపండి. అది అవతల కనబడితే కేబుల్, పోర్టు రెండూ బాగున్నట్టే. కనబడకపోతే, మీరు కేబుల్ పెట్టిన పోర్టు టీటీవైఎస్0 అవునో కాదో కెర్నల్ లాగ్‌లో సరిచూసుకోవాలి. సాధారణంగా 0ఎక్స్3ఎఫ్8 చిరునామా, 4వ ఐఆర్‌క్యూ (పోర్టు ప్రాసెసర్‌ను పిలిచే అంతరాయ సంఖ్య) మొదటి పోర్టువి. 0ఎక్స్2ఎఫ్8, 3వ ఐఆర్‌క్యూ రెండవదానివి.

గ్రబ్ మెనూ వచ్చి, ఆ తరువాత ఏమీ రాకపోతే

కెర్నల్‌కు కన్సోల్ (సందేశాలు రాసే చోటు) ఎక్కడుందో ఎవరూ చెప్పలేదన్నమాట. గ్రబ్ అమరిక ఫైలులోని కెర్నల్ వరుసలో "కన్సోల్=టీటీవై0 కన్సోల్=టీటీవైఎస్0,115200ఎన్8" అని చేర్చాలి. ఇందులో టీటీవై0 అంటే మానిటర్ తెర. ఫైలు మార్చినంత మాత్రాన సరిపోదు. డెబియన్, ఉబుంటులలో అప్‌డేట్-గ్రబ్, ఫెడోరాలో గ్రబ్2-ఎంకేకాన్ఫిగ్ నడిపితేనే ఆ మార్పు బూట్‌కు చేరుతుంది. చాలామంది తడబడేది ఇక్కడే, కాబట్టి రీబూట్ తరువాత ప్రాక్ డైరెక్టరీలోని సీఎండీలైన్ ఫైలు తెరిచి ఆ వరుస నిజంగా అందిందో లేదో చూడండి. అదే వరుసలో "క్వైట్" అన్న మాట ఉంటే తీసివేయాలి, ఎందుకంటే అది మామూలు సందేశాలను కన్సోల్‌కు రానీయదు. సొంతంగా కెర్నల్ కట్టుకున్నవారు 8250 సీరియల్ డ్రైవర్‌ను మాడ్యూల్‌గా (తరువాత విడిగా లోడ్ అయ్యే భాగంగా) కాక కెర్నల్‌లోనే కలిపి కట్టాలి. మాడ్యూల్‌గా ఉంచితే దాని కన్సోల్ ఎంపికే దొరకదు.

పిచ్చి గుర్తులు వస్తే వేగాలు కలవలేదని అర్థం. కన్సోల్ వరుసలో వేగం అంకె రాయకుండా వదిలేస్తే కెర్నల్ 9600 తీసుకుంటుంది. గ్రబ్, కెర్నల్, మీ టెర్మినల్ ప్రోగ్రాము మూడింటిలోనూ 115200 అనే ఉంచండి.

అక్షరాలు నత్తనడకన వస్తే

ఇది అన్నిటికన్నా మోసపుచ్చే లక్షణం. 115200 వేగంలో అక్షరానికి 10 బిట్ల చొప్పున సెకనుకు 11,520 అక్షరాలు రావలసి ఉండగా, నేనొకసారి చూసిన సర్వర్‌లో సెకనుకు ఒక్కొక్క అక్షరం పడుతూ వచ్చింది. యంత్రం చెడిపోయిందనే నమ్మాను. తీరా చూస్తే కన్సోల్ వరుస చివర "115200ఎన్8ఆర్" అని ఉంది. ఆ "ఆర్" హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్‌ను, అంటే అవతలివైపు సిద్ధమని తీగ ద్వారా చెప్పాకే పంపే పద్ధతిని, కోరుతుంది. నా కేబుల్‌లో మూడు తీగలే ఉన్నందున అవతలి నుంచి సీటీఎస్ ("పంపవచ్చు" అనే) సంకేతం రాదు, కెర్నల్ ప్రతి అక్షరానికీ దాదాపు ఒక సెకను ఎదురుచూసి, అప్పుడు పంపుతుంది. ఆ ఒక్క అక్షరం తీసివేయగానే బూట్ మామూలు వేగానికి వచ్చింది.

కెర్నల్ సందేశాలు వచ్చి, లాగిన్ రాకపోతే

కెర్నల్ సందేశాలు వరుసలో ఉన్న అన్ని కన్సోళ్లకూ వెళతాయి, కానీ సర్వీసులు రాసే సందేశాలు చివర రాసిన కన్సోల్‌కే వెళతాయి. అందుకే టీటీవైఎస్0ను చివర ఉంచాలి. సిస్టమ్‌డీ (సర్వీసులను మొదలుపెట్టే ప్రోగ్రాము) ఉన్న యంత్రంలో కెర్నల్ కన్సోల్‌గా ఉన్న సీరియల్ పోర్టుకు లాగిన్ దానంతటదే మొదలవుతుంది; అయినా రాకపోతే సీరియల్-గెట్టీ (సీరియల్ పోర్టులో లాగిన్ చూపే) సర్వీసును టీటీవైఎస్0 పేరుతో ఎనేబుల్ చేసి స్టార్ట్ చేయండి. ఆ తరువాత కూడా తెర ఖాళీగానే ఉంటే ఒకసారి ఎంటర్ నొక్కి చూడండి, లాగిన్ ప్రాంప్ట్ మీరు కేబుల్ పెట్టకముందే వచ్చి వెళ్లి ఉండవచ్చు.