పెళ్లిళ్ల సీజన్‌కు ముందు బ్యూటీషియన్లకు: అరికాలు, గోరు, నడుము

మాఘమాసం ముహూర్తాలు మొదలైతే పార్లర్లో ఊపిరాడదు. పెళ్లికూతురితో పాటు తల్లి, పిన్ని, మేనత్త అందరూ పెడిక్యూర్‌కు కూర్చుంటారు. వాళ్ల అరికాళ్లను అంత దగ్గరగా, అంత వెలుతురులో చూసేది మనమే. అందుకే చర్మ క్యాన్సర్ అనుమానించాల్సిన గుర్తులు మనకు తెలిసుండాలి.

మన రంగుకు చర్మ క్యాన్సర్ రాదనుకుంటాం. ఎండ వల్ల ముప్పు మనకు తక్కువే, నిజమే. కానీ మెలనోమా అనే ప్రమాదకరమైన రకం మనలాంటి వాళ్లకు వస్తే, చాలాసార్లు ఎండ తగలని చోటే వస్తుంది: అరికాలు, అరచెయ్యి, గోటి కింద. గాయకుడు బాబ్ మార్లీకి కాలి బొటనవేలి గోటి కిందే మొదలైంది. 1981లో, 36 ఏళ్లకే పోయాడు.

నెయిల్ పాలిష్ పూర్తిగా తీశాకే గోరు చూడండి. చాలా గోళ్లకు సన్నటి నల్లచారలుంటే మన ఛాయవాళ్లకు మామూలే, కంగారు పెట్టకండి. ఒక్క గోటికే కొత్తగా చార వచ్చి, వెడల్పవుతూ, నలుపు పక్క చర్మానికి పాకితే మాత్రం ఆగాలి. "దెబ్బ తగిలిందిలే" అంటారు. దెబ్బకు కమిలిన నలుపైతే గోరు పెరిగేకొద్దీ ముందుకు జరిగిపోతుంది, ఈ చార అలా జరిగిపోదు. అరికాల్లో మచ్చకు అంచులు వంకరటింకరగా, రెండు మూడు రంగులు కలిసి ఉన్నా, 6 మిల్లీమీటర్లు దాటినా, ఈ మధ్య పెరుగుతున్నా అనుమానించాలి. పారాణి, గోరింటాకు పెట్టకముందే చూడండి, తర్వాత ఏమీ కనబడదు.

వ్యాక్సింగ్ అప్పుడు నడుము చూడండి. లంగా బొందు ఒరుసుకుని నల్లబడటం మామూలే. అక్కడ మానని పుండు ఉంటే మాత్రం వదలకండి. అలాంటి పుండు క్యాన్సరైన కేసులు మన దేశంలోనే ఉన్నాయి. ముక్కు పక్కన మెరిసే బుడిపె రక్తం కారి, ఎండి, మళ్లీ పుండవుతుంటే దాన్నీ వదలకండి.

నేను బతిమాలి చెప్పేది ఒకటుంది. కాటరీతో, లేజర్‌తో, యాసిడ్‌తో పుట్టుమచ్చలు తీయకండి, "రేపే నిశ్చితార్థం" అన్నా సరే. కాల్చేస్తే బయాప్సీకి, అంటే ల్యాబ్‌లో క్యాన్సరా కాదా అని పరీక్షించడానికి, ముక్క మిగలదు. పైన మానినట్టుండి లోపల పెరగవచ్చు.

క్యాన్సర్ అనే మాట మన నోట రాకూడదు, తేల్చేది డాక్టరే. పక్కన ఎవరూ లేనప్పుడు, "అమ్మా, ఈ మచ్చ ఎప్పట్నుంచి ఉంది? ఒకసారి స్కిన్ డాక్టరుకు చూపించండి" అంటే చాలు. ఆమె ఫోన్‌తోనే ఫొటో తీసివ్వండి, తన అరికాలు తనకు సరిగా కనబడదు కదా. డబ్బు ఇబ్బందైతే గాంధీ, ఉస్మానియా, విశాఖ కేజీహెచ్‌ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంది. వారం తర్వాత ఫోన్ చేసి "వెళ్లారా అమ్మా?" అని అడగండి. పెళ్లయ్యాక చూద్దాం అంటే, పెళ్లయిన మర్నాడు మళ్లీ చేయండి.