కంపెనీ మారితే పీఎఫ్ డ్రా చేయకండి

హైటెక్ సిటీలో ఏడాదిన్నరకో కంపెనీ మారడం మామూలే. మారినప్పుడల్లా పీఎఫ్ తీసేసి బైక్ డౌన్‌పేమెంట్‌కి కట్టేస్తుంటారు. శుద్ధ దండగ. మొత్తం సర్వీసు 5 ఏళ్లు నిండకుండా తీస్తే ఆ సొమ్ముకి పన్ను పడుతుంది. 50,000 రూపాయలు, ఆపైన ఉంటే పాన్ ఇచ్చినా 10 శాతం టీడీఎస్ (సొమ్ము చేతికి రాకముందే పట్టుకునే పన్ను) కోస్తారు. పాత పీఎఫ్‌ని కొత్త కంపెనీ ఖాతాకి ట్రాన్స్‌ఫర్ చేసుకుంటే పాత సర్వీసూ ఆ 5 ఏళ్లలో కలుస్తుంది. కొత్త కంపెనీకి పాత యూఏఎన్ నంబరే (ఎన్ని కంపెనీలు మారినా ఒకటే ఉండే మీ పీఎఫ్ నంబరు) ఇవ్వండి. ట్రాన్స్‌ఫర్ ఆగిందంటే ముందు ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ పీఎఫ్ రికార్డుతో సరిపోయాయో లేదో చూడండి. తర్వాత అనుమానించాల్సింది, పాత కంపెనీ ‘డేట్ ఆఫ్ ఎగ్జిట్’ (మీరు ఉద్యోగం మానేసిన తేదీ) వేయకపోవడం. హెచ్‌ఆర్ ఫోన్ ఎత్తకపోయినా (ఎత్తరు లెండి), చివరి పీఎఫ్ జమైన 2 నెలల తర్వాత పీఎఫ్ సంస్థ మెంబర్ పోర్టల్‌లో ‘మార్క్ ఎగ్జిట్’ నొక్కి, ఆధార్ ఓటీపీతో మీరే వేసుకోవచ్చు.