అమెరికాలో లాభాపేక్ష కళాశాలలో చేరే ముందు అప్పు లెక్క ఎలా చూసుకోవాలి?

అమెరికాలో లాభం కోసం నడిచే కళాశాలల్లో చాలావాటికి రాబడిలో పెద్ద వాటా విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఫెడరల్ రుణాలు, గ్రాంట్ల (తిరిగి కట్టనక్కర్లేని సాయం) నుంచే వస్తుంది. వాటిని అదుపు చేసే నిబంధనల పుణ్యమా అని కొన్ని అంకెలు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. వాటిని సంతకానికి ముందే చూడాలి. లాభాపేక్షతో నడిచిన కొరింథియన్ కళాశాలలు 2015లో మూతపడితే, అక్కడ చదివిన సుమారు 5,60,000 మంది రుణాలను రద్దు చేస్తున్నట్టు అమెరికా విద్యాశాఖ ప్రకటించింది 2022లో.

మొదట విద్యాశాఖ వారి కాలేజ్ నావిగేటర్ వెబ్‌సైట్‌లో ఆ సంస్థ లాభం కోసం నడిచేదా కాదా, ఏ కోవకు చెందిందో చూడండి. పేరులో యూనివర్సిటీ అని ఉన్నంత మాత్రాన ఏమీ తేలదు.

అసలు పని ఆ తర్వాతిది. విద్యాశాఖ వారిదే మరో వెబ్‌సైట్ కాలేజ్ స్కోర్‌కార్డ్‌లో కళాశాల మొత్తం సగటును పక్కన పెట్టి, మీరు చేరబోయే కోర్సు పూర్తిచేసిన వారి అప్పును, సంపాదనను పోల్చండి. 2014లో తెచ్చి, 2019లో తీసేసి, 2023లో మళ్ళీ తెచ్చిన నిబంధనలో ఒక కొలబద్ద ఉంది: ఏటా కట్టే వాయిదాలు వార్షికాదాయంలో 8 శాతం మించకూడదు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా నిబంధన మారినా, ఈ లెక్క ఇంట్లో వేసుకోవడానికి పనికొస్తుంది. ఏడాదికి 30,000 డాలర్లు తెచ్చిపెట్టే చదువుకు నెలకు 200 డాలర్లు హద్దు. 20,000 డాలర్లను 6 శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 222 డాలర్లు కట్టాలి, అంటే హద్దు దాటినట్టే.

రుణ ఎగవేత రేటు (అప్పు తిరిగి కట్టలేకపోయిన పూర్వ విద్యార్థుల శాతం) వరుసగా మూడేళ్లు 30 శాతానికి చేరినా, ఒక్క ఏడాది 40 శాతం దాటినా కళాశాల ఫెడరల్ రుణాల అర్హత కోల్పోతుంది. అయితే కోవిడ్ కాలంలో వాయిదాలు నిలిపివేసినందున ఆ ఏళ్ల రేటు దాదాపు సున్నాగా కనిపిస్తుంది. దాన్ని చూసి మురిసిపోకండి.

విద్యార్థులను చేర్పించినందుకు ఉద్యోగులకు కమిషన్ ఇవ్వడాన్ని చట్టం 1992 నుంచే నిషేధించింది. అయినా ఈ రోజే చేరాలని తొందరపెడితే, ఉద్యోగాలు వచ్చిన వారి శాతాన్ని రాతపూర్వకంగా అడగండి. అక్కడి క్రెడిట్లను (పూర్తిచేసిన కోర్సులకు వచ్చే పాయింట్లను) అంగీకరిస్తారా అని దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీని (స్థానిక ప్రభుత్వ కళాశాలను) కూడా అడగండి.

చివరగా రుణం ఎవరిదో చూసుకోండి. కళాశాల మూతపడితే రద్దుకు అవకాశమున్నది ఫెడరల్ రుణాలకే. పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారు వాటికి అర్హులు. ఎఫ్-1 వీసాపై హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో బ్యాంకు రుణంతో వెళ్లిన విద్యార్థికి ఆ రక్షణ వర్తించదు. ప్రకటనలు, ఈమెయిళ్లు, కోర్సు వివరాల పుస్తకం భద్రపరచుకోండి; మోసపోయామని రుణ రద్దు కోరేటప్పుడు ఆధారాలుగా పనికొచ్చేవి అవే.