వైబ్రాఫోన్ పాఠం 6: మ్యాలెట్‌తో ఆపడం, మళ్ళీ ఒకసారి

వైబ్రాఫోన్ అంటే లోహపు పట్టీల్ని మ్యాలెట్లతో (తల ఉన్న కర్రలతో) కొట్టి వాయించే వాద్యం; పెడల్ తొక్కిపెడితే కొట్టిన పట్టీ మోగుతూనే ఉంటుంది. పోయిన పాఠంలో సి, డి, ఇ, ఎఫ్ స్వరాల్ని పెడల్ తొక్కిపెట్టి వాయించమన్నాను. కొత్త స్వరం కొట్టే క్షణంలోనే పాతదాన్ని మ్యాలెట్‌తో ఆపాలి. వచ్చిన ఫిర్యాదులు రెండే: ఆపేటప్పుడు "టక్" మంటోంది, ఆపినా ఇంకా మోగుతోంది. స్లైడ్ డ్యాంపింగ్ (మ్యాలెట్‌ని జార్చి ఆపే పద్ధతి) వచ్చే పాఠంలో చూద్దాం. ముందు ఇది తేలాలి.

టక్ సంగతి చిన్నది. ఆపడానికి కూడా మీరు కొడుతున్నారు. మ్యాలెట్‌ని పట్టీకి దగ్గరగా తెచ్చి ఆనించండి, ఆనించాక నొక్కి ఉంచండి. తగిలించి వెంటనే తీస్తే అది ఇంకో దెబ్బే. నూలు చుట్టిన మ్యాలెట్లే వాడండి. గట్టి తలవాటితో ఎంత జాగ్రత్తపడ్డా చప్పుడొస్తుంది.

రెండోది మాత్రం నాకు చిరాకు. ఎక్కడ ఆనిస్తున్నారు? తాడు దగ్గర! ప్రతి పట్టీకీ తాడు దూరే రంధ్రాలు ఒక్కో చివర నుంచి పొడవులో సుమారు 22 శాతం దూరంలో ఉంటాయి. మూలస్వరం (పట్టీ పలికే అసలు స్వరం) మోగేటప్పుడు పట్టీ దాదాపు కదలని చోట్లు అవే. అందుకే తాడు అక్కడ కట్టారు. ఊయల తాడుని కొమ్మ దగ్గర పట్టుకుంటే ఊయల ఆగుతుందా? అన్నిటికంటే కింద ఉన్న ఎఫ్ కొట్టి, తాడు పక్కన వేలు పెట్టి చూడండి, మోగుతూనే ఉంటుంది. వేలు నడుముకి జరపండి, ఠక్కున ఆగిపోతుంది.

అలాగని నట్టనడుమా వద్దు. ఈ పట్టీల్లో మూలస్వరానికి రెండు ఆక్టేవ్‌ల (స్థాయిల) పైన ఇంకో స్వరం పలికేలా అడుగున చెక్కుతారు. ఆ పై స్వరానికి కదలని చోటు సరిగ్గా నడుమే. మూలస్వరం ఆగాక సన్నటి కూత మిగిలిందని రాసినవారూ, మీ సమస్య ఇదే. నడుము నుంచి కాస్త పక్కకు జరగండి. షార్ప్‌ల వరసలో నేనైతే నావైపు అంచు మీదే ఆనిస్తాను. చివర్లు ఏ స్వరానికైనా కదులుతాయి, పైగా చేయి చాచక్కర్లేదు.

ఏ చేయి కొట్టిందో ఆ చేయే ఆపుతుంది. ముందే ఆపితే మధ్యలో ఖాళీ, ఆలస్యమైతే రెండు స్వరాలూ కలిసి గోల. పై ఆక్టేవ్‌లో పట్టీలు వాటంతటవే త్వరగా తగ్గిపోతాయి, అక్కడ కొన్ని వదిలేసినా ఎవరూ అడగరు. వైబ్రాటో (స్వరంలో ఊపు) తెప్పించే మోటారు ఆపేయండి, వైబ్రాటో ఉంటే తప్పులు దాక్కుంటాయి. జాజ్ వైబ్రాఫోన్ వాద్యకారుడు గ్యారీ బర్టన్ కచేరీల్లోనే ఎక్కువగా మోటారు లేకుండా వాయించారు.

సాధన: పెడల్ వదలకుండా, మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) నిమిషానికి 60 మీద, సి మేజర్ రెండు ఆక్టేవ్‌లు పైకీ కిందికీ. సి, ఇ, జి లను మోగనివ్వండి. డి, ఎఫ్, ఎ, బి లను మాత్రం తర్వాతి స్వరం పడగానే ఆపాలి. చివర చేతులెత్తాక సి మేజర్ కార్డ్ తప్ప ఇంకేమీ వినబడకూడదు. ఎఫ్ గానీ మిగిలిందా, మళ్ళీ మొదటి నుంచి. అది కుదిరాక ఇదే పని ఎఫ్ మేజర్‌లో చేయండి. అక్కడ ఆపాల్సిన బి ఫ్లాట్ పై వరసలో ఉంటుంది, అంచు మీదే ఆనించండి.