కీమో రోజుల్లో కంటి నుంచి నీరు కారుతుంటే

రాయగడ, పర్లాకిమిడి వైపు నుంచి విశాఖపట్నానికో బరంపురానికో వెళ్లి కీమోథెరపీ చేయించుకునే తెలుగువారు వాంతుల గురించి, జుట్టు రాలడం గురించి ముందే విని ఉంటారు గాని, కంటి నీరు ఆగకపోవడం కూడా ఆ మందుల ప్రభావం కావచ్చునని సాధారణంగా అనుకోరు. డోసిటాక్సెల్, 5-ఫ్లోరోయురాసిల్ వంటి మందులు కన్నీటిలోకి కూడా చేరి, కంటి నీటిని ముక్కులోకి దించే సన్నని నాళాలను వాపెక్కించి క్రమంగా మూసివేయగలవు.

కన్ను పొడిబారినా నీరు కారుతుంది. అప్పుడు ఇసుక పడినట్లు గరగర, మంట ఉంటాయి. నాళం ఇరుకైతే నీరు చెంప మీదికి జారుతూనే ఉంటుంది. అయినా ఇంట్లోనే తేల్చుకోకుండా, తరువాతి విడతకు ముందే క్యాన్సర్ వైద్యునికి చెప్పాలి. నాళం పూర్తిగా మూసుకోకముందే చూపిస్తే సన్నని సిలికాన్ గొట్టం అమర్చి దానిని తెరిచి ఉంచే వీలుంటుంది. ఆలస్యమైతే శస్త్రచికిత్స అవసరం కావచ్చు. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ కేంద్రాలు రాయగడలోను విశాఖపట్నంలోను ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా మందుల పేర్లున్న డిశ్చార్జి కాగితం వెంట ఉండాలి, ఏ మందు ఎక్కించారో తెలియకపోతే కంటి వైద్యుడు సగం ఊహించవలసి వస్తుంది.

పొడిదనానికి కృత్రిమ కన్నీటి చుక్కలు వాడవచ్చు. రోజుకు నాలుగుసార్లకు మించి అవసరమైతే, నిల్వ ఉంచే రసాయనం కలపనివి అడగాలి. రెండు రకాల చుక్కలుంటే మధ్య కనీసం 5 నిమిషాలు ఆగాలి. ఎర్రబడిందని దుకాణంలో స్టెరాయిడ్ చుక్కలు కొనుక్కోకూడదు, అవి కంటి ఒత్తిడిని పెంచవచ్చు, ఇన్‌ఫెక్షన్‌ను ముదిరేలా చేయవచ్చు. సైటరాబిన్ అనే కీమో మందును అధిక మోతాదులో తీసుకునేవారికి మాత్రం వైద్యులే ఆ స్టెరాయిడ్ చుక్కలు ముందుగా ఇస్తారు. వాటిని మధ్యలో మానకూడదు.

ఆకుపసరు, చనుబాలు, తేనె కంట్లో వేయడం మన పల్లెల్లో ప్రేమతో చేసే పనే, కాని కీమో వల్ల ఇన్‌ఫెక్షన్‌ను ఎదుర్కొనే తెల్లకణాలు తగ్గిన రోజుల్లో అది ప్రమాదకరం. కాంటాక్ట్ లెన్సులు మానాలి. కనురెప్పల వెంట్రుకలు రాలితే దుమ్ము నేరుగా పడుతుంది కనుక, రైల్లో కిటికీ పక్కన కూర్చోకుండా, నూర్పిళ్ల వేళ కళ్లద్దాలు పెట్టుకోవాలి; కట్టెల పొయ్యి దగ్గర వంట ఇంకెవరైనా చూసుకోవడం మేలు.

చూపు హఠాత్తుగా మసకబారినా, కన్ను నొప్పిపెట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చీము వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. వీటితో పాటు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే, కంటి వైద్యునికన్నా ముందు కీమో ఇచ్చిన ఆసుపత్రికే ఫోన్ చేయాలి.